మన శ్రీకాకుళంలో అంతరిక్షానికి సంబంధించింది ఏమైనా ఉందా? బస్సులో, రైల్లో వెళ్లి చూసేవే చెప్పండి

నాగావళి_గట్టు
మా మేనకోడలు వేసవి సెలవులకు హైదరాబాద్ నుంచి వస్తోంది. పదకొండేళ్లు. దానికి అంతరిక్షం అంటే ప్రాణం. శనిగ్రహం చుట్టూ తిరిగే చందమామల పేర్లు వరసపెట్టి చెబుతుంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడు ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారో కూడా గుర్తు దానికి. నిన్న ఫోన్‌లో "మావయ్యా, మీ ఊళ్లో స్పేస్‌కి సంబంధించినవి ఏమున్నాయి?" అని అడిగింది. నేను ఆలోచించకుండా "ఇక్కడేముంటాయమ్మా, అవన్నీ శ్రీహరికోటలోనే" అనేశాను. కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత "సరేలే మావయ్యా" అంది. ఆ "సరేలే" రాత్రంతా నన్ను పడుకోనివ్వలేదు.

నాకు కారు లేదు. పిల్లని బండి మీద అంతంత దూరాలు తిప్పే ధైర్యమూ లేదు. మే 10న వస్తుంది, వారం ఉంటుంది. బస్సు, రైలు, షేర్ ఆటో, వీటితో అయ్యేవి చెప్పండి. శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల ఏదైనా సరే.

ఊరొదిలిన_వాడు
వారం ఉందిగా, శ్రీహరికోటకే తీసుకెళ్లిపోండి. పిల్ల జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది.

పలాస_జీడి
రాష్ట్రం ఈ చివర నుంచి దాదాపు ఆ చివరికి, అదీ మే నెల ఎండలో! ఆయన అడిగింది ఇక్కడివి. ఇక్కడివే చెప్దాం.

అరసవల్లి_వీధి
"ఇక్కడేముంటాయి" అని ఎలా అన్నారండీ? సూర్యుడికి గుడి ఉన్న ఊళ్లో ఉంటూ! కాంప్లెక్స్ (ఆర్టీసీ బస్టాండు) దగ్గర ఆటో ఎక్కితే నిమిషాల్లో అరసవల్లి. ఏడో శతాబ్దంలో గాంగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. ఏడాదికి రెండుసార్లు, మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబరు 1, 2 తేదీల్లోనూ పొద్దున్నే సూర్యకిరణాలు అనివెట్టి మండపం దాటి వచ్చి స్వామి పాదాల మీద పడతాయి. ఉత్తరాయణం దక్షిణాయనం మారే రోజులవి. ఇంతకంటే అంతరిక్షం ఏం కావాలి?

ఊరొదిలిన_వాడు
అది భక్తి కదండీ. పాప అడిగింది సైన్సు. రెండూ కలిపేస్తే పిల్లలు తికమకపడతారు.

లెక్కల_మాస్టారు
అరసవల్లి_వీధి గారు చెప్పిన తేదీలు సరైనవే, కారణం మాత్రం అది కాదు. అయనాలు మారేది డిసెంబరు 21, జూన్ 21 ప్రాంతాల్లో. కిరణాలు పడే రోజులు విషువత్తులకు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజులకు దగ్గర. మార్చి 21కి పదకొండు రోజుల ముందు ఒకసారి, సెప్టెంబరు 23 దాటిన ఎనిమిది తొమ్మిది రోజులకు ఇంకోసారి. ఈ రెండు సమయాల్లోనూ సూర్యుడు సరిగ్గా తూర్పున కాకుండా నాలుగు డిగ్రీల వరకు దక్షిణంగా పొడుస్తాడు. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి అదే చోటు మీదుగా పోతాడు కాబట్టి ఏడాదికి రెండుసార్లు. ఏటా అవే తేదీలు రావడం కూడా అందుకే.

ఊరొదిలిన_వాడు గారికి: ఆ గుడి కట్టిన శిల్పి సూర్యుడు ఎక్కడ పొడుస్తాడో చూసి, గుర్తుపెట్టుకుని, దానికి తగ్గట్టు గుమ్మాలు వరసలో నిలబెట్టాడు. అది సైన్సు కాకపోతే ఏది సైన్సు? భక్తితోనే చేసి ఉండొచ్చు. చూపు మాత్రం తప్పలేదు.

అరసవల్లి_వీధి
మాస్టారూ, చిన్నప్పటి నుంచి అయనాలనే విన్నాను, అదే చెబుతూ వచ్చాను. ఇకనుంచి సరిచేసి చెబుతాను. నేను ఆ కిరణాలు నాలుగుసార్లు చూశాను. ఆరు దాటాక కొద్ది నిమిషాలే. మొదట గడప మీద సన్నగా బంగారు గీత కనిపిస్తుంది, అది మెల్లగా లోపలికి పాకుతుంది. జనం ఒక్కసారిగా ఊపిరి బిగబడతారు. మిగతా ఏళ్లు మబ్బే. అక్టోబరులో మరీ.

నాగావళి_గట్టు
మేలో కిరణాలు పడవుగా మరి?

లెక్కల_మాస్టారు
పడవు. కానీ మేలో మీ ఊరికి వేరే అదృష్టం ఉంది. మే 13న మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా శ్రీకాకుళం నడినెత్తి మీదకు వస్తాడు. నిలువుగా నిలబెట్టిన వస్తువుకు నీడ ఉండదు. నీడ లేని రోజు అంటారు. కర్కట రేఖకు, మకర రేఖకు మధ్యన ఉన్న ఊళ్లకే ఈ యోగం. ఢిల్లీ వాళ్లు ఎంత కావాలనుకున్నా ఇంట్లో ఉండి చూడలేరు.

మీ ఊరు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఆ రోజు సూర్యుడూ అక్కడికే వస్తాడు. సమయం పన్నెండు కాదు, 11 గంటల 51 నిమిషాలు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడ దగ్గరగా పోతుంది. మనం దానికి తూర్పున ఉన్నాం కాబట్టి మనకు మధ్యాహ్నం ముందే అవుతుంది.

దీనికి టికెట్టే అక్కర్లేదు. డాబా మీద స్టీలు గ్లాసు పెట్టండి, చాలు.

రాజాం_అమ్మాయి
ఇన్నేళ్లు సైన్సు పాఠాలు చెబుతున్నాను, నాకిది తట్టలేదు! మాస్టారూ, రాజాంలో ఏ రోజు?

లెక్కల_మాస్టారు
మీ రాజాంకీ శ్రీకాకుళానికీ దాదాపు ఒకే అక్షాంశం అమ్మా. మే 13నే చూడండి, మర్నాడు ఇంకోసారి చూసి ఏ రోజు నీడ తక్కువో పోల్చండి.

అసలు అందం ఇక్కడుంది. ఆ రోజుల్లో సూర్యుడు రోజుకు పాతిక, ముప్పై కిలోమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతాడు. హైదరాబాద్‌లో మే 9. విజయనగరంలో మే 12. శ్రీకాకుళంలో 13. పలాసలో 15. ఇచ్ఛాపురంలో 16. మన ప్యాసింజర్ రైలు లైను ఎలా పోతుందో సూర్యుడూ ఆ ఊళ్ల మీదుగా అలాగే పోతున్నాడు.

ఆమదాలవలస_బండి
ఇది చదివి ఒళ్లు పులకరించింది. పాతికేళ్లుగా అదే లైనులో అప్ అండ్ డౌన్ చేస్తున్నాను. విజయనగరం, చీపురుపల్లి, పొందూరు, శ్రీకాకుళం రోడ్డు, తిలారు, కోటబొమ్మాళి, నౌపడ, పలాస. సూర్యుడు కూడా మా బండే ఎక్కుతున్నాడని ఇన్నాళ్లూ తెలీదు.

కొత్తవాళ్ల కోసం ఒక మాట: శ్రీకాకుళం రోడ్డు స్టేషను శ్రీకాకుళంలో ఉండదు, మా ఆమదాలవలసలో ఉంటుంది. ఊళ్లోకి ఇంకో పదమూడు కిలోమీటర్లు. స్టేషను బయటే ఆటోలు, బస్సులు ఉంటాయి.

పలాస_జీడి
మే 15 నాది. మేడ మీద నేనే చూస్తాను. పిల్లలందరినీ పిలుస్తాను.

మూడులాంతర్లు
12న విజయనగరం రండి. గంటస్తంభం, మూడు లాంతర్లు, కోట చూసుకుంటూ గురజాడ వారి ఇంటికి నడిచి వెళ్లొచ్చు. గురజాడకీ అంతరిక్షానికీ ఏం సంబంధం అంటారేమో. 1910లో హేలీ తోకచుక్క వచ్చింది. ఆ మే నెలలోనే భూమి దాని తోకలోంచి పోతుందని లోకమంతా హడలిపోయింది. తోకచుక్క పొడిస్తే రాజ్యాలకు చేటు అని మన పెద్దలు అనుకునేవారు కదా. అదే ఏడాది గురజాడ ముత్యాల సరాల్లో ఆ తోకచుక్కని భూమికి దూరపు బంధువు అన్నాడు. చుట్టంచూపుగా వచ్చిందన్నమాట. సంఘ సంస్కరణకు జెండా అని కూడా అన్నాడు. తెలుగు కవిత్వం కొత్త దారి పట్టిన పద్యాల్లో ఆకాశంలోంచి వచ్చిన అతిథి ఉంది, ఆ పద్యాలు మా ఊరి కవివి. నాకు ఇది తలచుకుంటేనే గర్వం.

ఆ చుట్టం 1986లో మళ్లీ వచ్చి వెళ్లింది. ఇక 2061లో వస్తుంది. పాప తప్పకుండా చూస్తుంది.

బొబ్బిలి_కోట
విజయనగరం దాకా వచ్చి ఆగిపోతే ఎలా? అక్కడి నుంచి పార్వతీపురం వైపు రైలు ఎక్కండి. గజపతినగరం, బొబ్బిలి, సీతానగరం దాటి వెళ్తుంది. 1870 జనవరి 23న ఆ ప్రాంతంలో ఆకాశం నుంచి ఇనుప ముద్ద పడింది. ఉల్కల జాబితాల్లో నెడగొల్ల అని ఆ పల్లె పేరుతోనే ఉంటుంది. నాలుగున్నర కిలోల పైచిలుకు బరువు. అప్పట్లో మాదంతా విశాఖపట్నం జిల్లా.

మీరు గమనించాల్సిందేమిటంటే, పడుతుండగా జనం చూసిన ఉల్కల్లో నూటికి తొంభైకి పైగా రాళ్లే. ఇనుపవి నూటికి నాలుగో అయిదో. మనది వాటిలో ఒకటి. పైగా ఇనుప ఉల్కల్ని వాటిలోని నికెల్ లాంటి లోహాల పాళ్లను బట్టి గుంపులు చేస్తారు. నెడగొల్ల ఏ గుంపులోకీ ఇమడదు, ఒంటరిది.

ఊరొదిలిన_వాడు
అక్కడ ఇప్పుడు చూడ్డానికి ఏముంది? గుంట ఉందా, బోర్డు ఉందా?

బొబ్బిలి_కోట
పొలాలున్నాయి. తాటిచెట్లున్నాయి. దూరంగా కొండలున్నాయి. కిటికీ పక్కన కూర్చుని "ఈ పొలాల్లోనే ఎక్కడో" అని వేలు చూపిస్తే పదకొండేళ్ల పిల్లకి చాలదా? నాకు మా నాన్న అలాగే చూపించారు. అప్పటి నుంచి ఆ లైనులో వెళ్లినప్పుడల్లా నేను ఫోను చూడను, బయటికే చూస్తాను.

ఊరొదిలిన_వాడు
మీ మాటతో ఏకీభవిస్తున్నాను. మా వాడిని కూడా తీసుకురావాలనిపిస్తోంది.

రాజాం_అమ్మాయి
శ్రీకూర్మం మర్చిపోకండి! గుళ్లో నక్షత్ర తాబేళ్లున్నాయి. నవ్వకండి, పేరులో నక్షత్రం ఉందని చెప్పట్లేదు. మనిషి కంటే ముందు చంద్రుణ్ణి చుట్టి వచ్చింది తాబేళ్లే. 1968 సెప్టెంబరులో రష్యా వాళ్ల జోండ్-5 లో రెండు తాబేళ్లను పంపారు. చంద్రుడి చుట్టూ తిరిగి ప్రాణాలతో తిరిగొచ్చాయి. అమెరికా వ్యోమగాములు అపోలో-8 లో వెళ్లింది ఆ డిసెంబరులో. ఆ తాబేళ్లు వేరే జాతివి, కానీ మా క్లాసులో ఈ సంగతి చెబితే "టీచర్, మన కూర్మావతారమే ఫస్ట్" అని ఒక పిల్లాడు లేచి చప్పట్లు కొట్టాడు.

కళింగపట్నం_కుర్రాడు
శ్రీకూర్మం దాకా వస్తే మా ఊరు ఇంకెంత దూరం. కాంప్లెక్స్‌లో కళింగపట్నం బస్సు ఎక్కితే చివరి స్టాపు దగ్గరే సముద్రం. రాత్రికి ఉండగలిగితే త్రిశంకు చూపిస్తాను. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి సరిగ్గా దక్షిణాన, నీళ్ల మీద నుంచి బెత్తెడు పైన నాలుగు చుక్కలు శిలువ ఆకారంలో నిలబడి ఉంటాయి. దానికి ఎడంపక్క రెండు పెద్ద చుక్కలు. ఆ రెండింట్లో కింద ఉన్నది సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రాల కుటుంబం, నాలుగు కాంతి సంవత్సరాలు దాటి దూరం. మా తీరానికి దక్షిణాన అంతా సముద్రమే, చెట్టూ చేమా అడ్డం రావు.

ఇంకో సంగతి. చేపలు ఎక్కడ దొరుకుతాయో మాకు ఉపగ్రహం చెబుతుంది. ఓషన్‌శాట్ లాంటివి సముద్రం రంగు చూసి నాచు ఎక్కడ ఎక్కువగా ఉందో పట్టుకుంటాయి. దానికి నీళ్ల వేడి లెక్క కలిపి హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్లు ఫలానా దిక్కున, ఇన్ని కిలోమీటర్లలో వల వేయండి అని పంపుతారు. మా నాన్న ముందు నమ్మలేదు. ఇప్పుడు వేటకు వెళ్లేముందు నన్నే అడుగుతాడు, "ఏటిరా, మీ చుక్క ఏటంటోంది?" అని.

పలాస_జీడి
ఉపగ్రహం అంటే నాకు తిత్లీ తుపాను గుర్తొస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మా మీదే తీరం దాటింది. ముందు రోజు టీవీలో ఇన్‌శాట్ బొమ్మల్లో ఆ తెల్లటి సుడి మా వైపు జరుగుతూ కనిపించింది. మా అమ్మ ఆ బొమ్మ చూసే ఆవుల్ని తాళ్లు విప్పి వదిలేసింది. జీడితోట మొత్తం పోయింది. ఆవులు మిగిలాయి.

నాగావళి_గట్టు
చదువుతూ కూర్చుండిపోయాను. నిన్న "ఏముంటాయి" అన్నది నేనేనా అనిపిస్తోంది. మరి కళింగపట్నం నుంచి రాత్రి పదింటికి తిరిగి రావడం ఎలా?

కళింగపట్నం_కుర్రాడు
పొద్దు పోయాక బస్సులు పలచబడతాయి. వచ్చేటప్పుడే మా ఊరి ఆటో ఒకటి మాట్లాడి పెట్టుకోండి. రావడం బస్సులో, పోవడం ఆటోలో. లేదా మా ఇంట్లోనే పడుకోండి. అమ్మ మీకు చేపల పులుసు పెడుతుంది.

రాజాం_అమ్మాయి
టికెట్ల సంగతి: అత్తయ్య కూడా వస్తే పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో రాష్ట్రంలోని మహిళలకు ఉన్న ఉచిత ప్రయాణ పథకం కింద ఆవిడకి ఉచితం, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. పాపది హైదరాబాద్ అడ్రసు కాబట్టి ఆ పథకం వర్తించదు, పన్నెండు లోపు కనుక అర టికెట్. మావయ్యకే నిండు టికెట్ :)

కొత్తగా_చేరాను
మే 13 మధ్యాహ్నం పిల్లని ఎండలో నిలబెట్టడం మంచిదేనా? మా పక్కింటి అబ్బాయికి పోయినేడు వడదెబ్బ తగిలి రెండు రోజులు సెలైన్ పెట్టారు.

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్న. ఎండలో ఉండాల్సింది గ్లాసు, మనిషి కాదు. 11:40కి పెట్టి, నీడపట్టున కూర్చుని, 11:51కి రెండు నిమిషాలు వెళ్లి చూస్తే చాలు. తలకు తువ్వాలు, చేతిలో మజ్జిగ. పైకి తలెత్తి సూర్యుణ్ణి మాత్రం చూడకూడదు, ఎక్స్‌రే ఫిల్ముతో కూడా వద్దు. మనం చూసేది నీడనే.

ఆమదాలవలస_బండి
ఎక్స్‌రే ఫిల్ము అంటే గుర్తొచ్చింది. 1980 ఫిబ్రవరి 16 సూర్యగ్రహణం. నాకు తొమ్మిదేళ్లు. వీధిలో పిట్ట లేదు. ఇళ్లన్నీ తలుపులు బిగించుకున్నాయి. నేను పెరట్లోకి తప్పించుకుని పోయాను. మా చింతచెట్టు కింద నేల మీద మామూలుగా గుండ్రటి వెలుగు చుక్కలు పడుతుంటాయి. ఆ రోజు ప్రతి చుక్కా నెలవంక అయిపోయింది. వందల నెలవంకలు, చెట్టు కింద అంతా. గాలికి కొమ్మ కదిలితే అన్నీ కలిసి కదిలాయి. అమ్మ చెవి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. దాని గురించి అడగడానికి నాకు చాలా ఏళ్లు ఎవరూ దొరకలేదు.

లెక్కల_మాస్టారు
ఆకుల సందులు ఒక్కోటీ ఒక్కో సూదిబెజ్జం కెమెరా బండి గారూ. గ్రహణం పట్టిన సూర్యుడి బొమ్మనే అవి నేల మీద వేశాయి. మీరు ఆ రోజు కళ్లకు ఏ ప్రమాదమూ లేని పద్ధతిలో గ్రహణం చూశారు.

ఆమదాలవలస_బండి
ఇన్నేళ్లకి జవాబు దొరికింది. థాంక్స్ మాస్టారూ. మా అమ్మకి చెప్పాలి.

మూడులాంతర్లు
గ్రహణాల మాట వచ్చింది కాబట్టి: 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. ఆ గ్రహణం నాటి పరిశీలనల్లోనే సూర్యుడి వెలుగులో కొత్త పసుపు గీత కనిపించింది. అదే హీలియం అని తర్వాత తేలింది, గ్రీకు వాళ్ల సూర్యుడి పేరు పెట్టారు. అదే కాలంలో విశాఖలో అంకితం వెంకట నరసింగరావు గారు తమ మామగారు గోడె వెంకట జగ్గారావు గారు 1840లో పెట్టిన వేధశాల (గ్రహాలు, నక్షత్రాలు పరిశీలించే చోటు) నడిపేవారు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఆయన చూసి నమోదు చేశారు.

గాంగుల కాలం నాటి గుళ్లున్న శ్రీముఖలింగం బస్సు ఎక్కే వాళ్లకి కూడా ఒకటి: గాంగుల తామ్రశాసనాల్లో గ్రహణం రోజున భూదానం చేసినట్టు రాసినవి ఉన్నాయి. గాంగ శకం ఎప్పుడు మొదలైందో తేల్చడానికి చరిత్రకారులు ఆ గ్రహణాల్నే లెక్కవేశారు.

నాగావళి_గట్టు
అన్నీ ఒక్క వారంలో కుదరవు. 12న విజయనగరం, 13న ఇంటి మీద, ఆ రాత్రి కళింగపట్నం. వచ్చాక రాస్తాను.

నాగావళి_గట్టు
వచ్చాం. రాయాల్సింది చాలా ఉంది.

12న విజయనగరంలో 11:53కి నీడ పోవాలని మాస్టారు చెప్పారు. మేం ఇంట్లోంచి ఆలస్యంగా బయల్దేరాం, తప్పు నాదే. బస్సు దిగేసరికే పన్నెండైంది. కాంప్లెక్స్ ఆవరణలో ఎండ పడే చోట సంచిలోంచి గ్లాసు తీసి బోర్లించింది. పది సెంటీమీటర్ల గ్లాసు. నీడ వచ్చేసింది, తూర్పు వైపు చిన్న అంచులా. దాని మొహం చూడలేకపోయాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. స్కేలు తీసి కొలిచింది. "అర సెంటీమీటరు మావయ్యా" అని పుస్తకంలో రాసుకుంది. పక్కన కర్బూజా ముక్కలు అమ్మే ఆవిడ వచ్చి ఏం చేస్తున్నారని అడిగింది. పాప మొత్తం వివరించింది. ఆవిడ తన గొడుగు కర్ర నీడ చూసుకుని "నిజవేనమ్మా, కాళ్ల కిందికే వచ్చేసింది" అని రెండు ముక్కలు ఎక్కువ పెట్టింది.

లెక్కల_మాస్టారు
పది సెంటీమీటర్లకు అర సెంటీమీటరు అంటే సూర్యుడు నడినెత్తి నుంచి మూడు డిగ్రీలు దాటాడు. అంటే మీరు పన్నెండు నిమిషాలు ఆలస్యం. 12:05 అయి ఉండాలి.

నాగావళి_గట్టు
పుస్తకంలో 12:05 అనే ఉంది మాస్టారూ! దానికి చూపించాను, గదంతా గెంతింది. ఆలస్యం అయినందుకు నాకు ఉన్న బాధ అక్కడితో పోయింది.

గురజాడ వారి ఇంట్లో తోకచుక్క కథ చెప్పాను. 2061లో తన వయసెంతో వేళ్ల మీద లెక్కేసుకుని, "నువ్వు కూడా ఉంటావుగా మావయ్యా" అంది. ఉంటానన్నాను.

బొబ్బిలి లైనుకు టైము చాల్లేదు. స్టేషన్లో ఆ వైపు పట్టాలు చూపించి అటే పడిందని చెప్పాను. దసరాకి ఆ రైలు ఎక్కించాలని మాట తీసుకుంది.

13న పదింటి నుంచే డాబా మీద ఏర్పాట్లు. గ్లాసు, ప్లాస్టిక్ పైపు ముక్క, మా నాన్న చేతికర్ర, దాన్ని నిలువుగా ఉందో లేదో చూడటానికి దారానికి కట్టిన తాళంచెవి. 11:30కి గ్లాసు నీడ పడమట అంగుళంలో మూడో వంతు. అది తగ్గడం చూస్తే తడిబట్ట ఆరినట్టే ఉంది, కదులుతున్నట్టు తెలీదు, కానీ చూసి చూడగానే ఇంకాస్త పోయి ఉంటుంది. 11:48కి సన్న గీత. 11:51కి లేదు. గ్లాసు చుట్టూ సిమెంటు ఒకేలా తెల్లగా మెరుస్తోంది. పైపులోకి పైనుంచి పడ్డ వెలుగు కింద నిండు గుండ్రంగా ఉంది. పాప అరవలేదు, గెంతలేదు. కిందికి చూసి "మావయ్యా, నా నీడ నా చెప్పుల కింద ఉంది" అని నెమ్మదిగా అంది. మా నాన్నకి ఎనభై రెండు. ఇన్నేళ్లూ ఇదే ఊళ్లో ఉన్నాను, ఏడాదికి రెండుసార్లు ఇది జరుగుతోంటే ఒక్కసారీ కిందికి చూసుకోలేదురా అన్నారు. మజ్జిగ తాగడం కూడా మర్చిపోయాం.

సాయంత్రం కళింగపట్నం. చేపల వేట నిషేధం ఉన్న రోజులు కదా, జూన్ 14 దాకా. పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. కుర్రాడి గారి పడవలో కూర్చున్నాం. చెక్క ఇంకా వెచ్చగా ఉంది. నాచు వాసన, ఎండిన వలల వాసన. అమావాస్యకి దగ్గర రోజులు, చందమామ లేదు. తొమ్మిదింటికి దక్షిణాన మొదట ఏమీ కనబడలేదు, నీళ్ల మీద పొగమంచులా ఉంది. కుర్రాడి నాన్నగారు పాప భుజం పట్టుకుని కొంచెం ఎడమకి తిప్పి "అదిగో" అన్నారు. నాలుగు చుక్కలూ ఒక్కొక్కటే తేలాయి.

కళింగపట్నం_కుర్రాడు
మా నాన్న అప్పటి నుంచి "ఆ గుంట మళ్లీ ఎప్పుడొస్తాది?" అని అడుగుతున్నాడు. చేపల రాశి ఎక్కడుందో ఉపగ్రహానికి ఎలా తెలుస్తుందో నాకంటే బాగా చెప్పింది ఆయనకి.

అరసవల్లి_వీధి
అక్టోబరు 1కి నా ఇంట్లో దిగండి. తెల్లవారుజామున నాలుగున్నరకే వరసలో నిలబడాలి.

ఊరొదిలిన_వాడు
నీడ మళ్లీ ఎప్పుడు పోతుంది మాస్టారూ? ఈసారి నేను, మా వాడు వస్తాం.

లెక్కల_మాస్టారు
జులై నెలాఖరున. సూర్యుడు దక్షిణానికి తిరిగొస్తూ ముందు ఇచ్ఛాపురం, పలాస, తర్వాత మీ శ్రీకాకుళం, జులై 30, 31 ప్రాంతంలో. అప్పుడు 12:01కి. వానాకాలం కాబట్టి రెండు రోజులూ డాబా మీద ఉండండి, మబ్బు సందు దొరికితే చాలు.

పలాస_జీడి
మే 15, 11:49. మేడ మీద పదకొండు మంది పిల్లలు, పదకొండు గ్లాసులు. మా అమ్మ కూడా వచ్చింది. ఒక్క గ్లాసుకే కొంచెం నీడ ఉంది, మేడ అక్కడ వాలుగా ఉందని తర్వాత తెలిసింది. ఇచ్ఛాపురం వాళ్లెవరైనా ఉంటే చెప్పండి, రేపు మీది.